తేదీలేని సముద్రయానము



ప్రయాణప్రణాళిక అనగానే మనకు తోచునది ఒక పట్టిక: ఏ దినమున ఏ ఊరు, ఏ గంటకు ఏ బండి, ఏ రాత్రి ఎక్కడ బస. రైలుకును విమానమునకును అది చాలును. కాని జూను మొదలు నవంబరు వరకు కరీబియన్ ద్వీపమాలికలో ముప్పది నలువది అడుగుల తెరచాప పడవపై తిరుగదలచిన వానికి ఆ విధమైన పట్టిక ప్రాణాంతకము సైతము కావచ్చును. అచ్చటి అనుభవజ్ఞులైన నావికులు వ్రాసికొను ప్రణాళికలో ఊళ్ళ పేర్లకంటె ముందు ఆశ్రయస్థానముల పేర్లుండును. తేదీలుండవలసిన చోట గంటలుండును. అనగా నేడు లంగరు వేసిన చోటినుండి ఫలానా ఆశ్రయమునకు ఎన్ని గంటల పయనమో ఆ లెక్క యుండును. అట్టి ప్రణాళికను ఎట్లు కట్టుదురో, దాని వెనుకనున్న శాస్త్రమెట్టిదో, మనుష్యస్వభావము దానికెక్కడ అడ్డుపడునో నేడు మీతో ముచ్చటించెదను.

ఆ సముద్రమున తుపాను ఋతువు జూను 1న మొదలై నవంబరు 30తో ముగియునని వాతావరణశాఖల నిర్ణయము. ఆగస్టు నడిమినుండి అక్టోబరు నడిమివరకు తీవ్రత మిక్కుటము. సెప్టెంబరు 10వ తేదీ ప్రాంతము దాని శిఖరము. సూర్యుడు ఉత్తరపు కొనకు చేరునది జూనులోనే కదా, శిఖరము సెప్టెంబరునకేల జరిగినదని సందేహము కలుగవచ్చును. సముద్రము నేలవలె త్వరగా కాగదు, త్వరగా చల్లారదు; వేసవియంతయు త్రాగిన వేడిమి ఆగస్టు సెప్టెంబరులు వచ్చినగాని పైపొరలలో నిండదు. తుపాను పుట్టి పెరుగుటకు సముద్రోపరితలము ఇంచుమించు 26.5 సెంటీగ్రేడు డిగ్రీలకు మించి వెచ్చగా ఉండవలెను. ఆ వెచ్చదనము కొంత లోతువరకు వ్యాపించియుండవలెను. పైగాలికిని క్రిందిగాలికిని వేగమునందు గాని దిక్కునందు గాని పెద్ద భేదముండరాదు. భూమధ్యరేఖకు కనీసము ఐదు డిగ్రీల దూరమైన ఉండవలెను, లేనిచో భూభ్రమణమువలన గాలికి కలుగవలసిన మెలిక చాలదు. మన బంగాళాఖాతమున నైరృతి ఋతుపవనములకు ముందొకటి, వెనుకనొకటి, రెండు తుపాను కాలములు గలవు. నడుమ ఋతుపవనముల పైగాలులు వానిని పెరుగనీయవు. అట్లాంటిక్కున ఒక్కటే కాలము; అది ఆరుమాసముల పొడవు.

కరీబియన్ ద్వీపములను ధ్వంసము చేసిన తుపానులలో మిక్కిలి భయంకరమైనవి పెక్కు ఆ ద్వీపముల చెంత పుట్టినవి కావు. ఆఫ్రికాఖండముమీద పుట్టి, దాని పడమటి తీరము దాటి, కేప్ వర్డీ దీవుల దాపునుండి మూడు నాలుగు దినముల కొకటి చొప్పున గాలిలో ఒక అల పడమరకు సాగివచ్చును. సంవత్సరమునకు ఇట్టివి సుమారు అరువది. వానిలో అత్యధికభాగము రెండు జల్లులును నాలుగు ఉరుములును ఒక పూట ఈదురుగాలియు ఇచ్చి దాటిపోవునవే. సహారా ఎడారినుండి లేచిన ధూళి ఒకొకప్పుడు ఆ సముద్రమంతయు పసుపురంగు పొరవలె క్రమ్ముకొనును. ఆ పొడిగాలిలో చిక్కిన అల ఎండిపోవును. అట్టి దినములలో కన్నులు మండినను, పడవ తట్టమీద ఎఱ్ఱని దుమ్ము పేరుకొన్నను నావికుడు విసుగుకొనడు. ఏ కొన్ని అలలు మాత్రమో వెచ్చని నీటిని, అనుకూలమైన పైగాలిని పొంది, అల్పపీడనమై, వాయుగుండమై, తుదకు పేరు పెట్టించుకొను తుపానగును.

కావున ఆ ప్రాంతపు నావికునికి దినచర్య తూర్పుదిక్కు వార్తతో మొదలగును. తెల్లవారుజామున పడవలోని చిన్నగదిలో, బల్లమీద పటము పరచుకొని, చెవికి రేడియో ఆనించుకొని కూర్చుండును. గొంతు గరగరలాడుచు వచ్చును. ఆ గరగరల నడుమ వానికి కావలసినవి అంకెలే: నలువదవ రేఖాంశమున ఒక అల, ఏబది రెండవ రేఖాంశమున మరియొకటి. సెయింట్ లూసియా ద్వీపము పశ్చిమ రేఖాంశము అరువది యొకటిన ఉన్నది. అల గంటకు పదునైదు నాటికల్ మైళ్ళ వేగముతో వచ్చునేని ఏబది రెండవ రేఖాంశమునుండి ఆ ద్వీపమునకు చేరుటకు ఒకటిన్నర దినము పట్టును. నావికుడు పెన్సిలుతో రెండు గీతలు గీయును. రెండు అలల నడుమ వ్యాపారపవనములు మరల నిలకడగా వీచు రెండు మూడు దినముల విరామమే వాని ప్రయాణకాలము. ఈ ద్వీపమునుండి ఆ ద్వీపమునకు దాటుట ఆ సందున జరుగవలెను. మార్టినిక్ నుండి సెయింట్ లూసియాకు ఒక పగటి పయనము. సెయింట్ విన్సెంటునుండి బెక్వియాకు రెండు మూడు గంటల పని. జలసంధులు చిన్నవే గాని, ద్వీపపు చాటు దాటి బయటపడగానే ఆఫ్రికానుండి అడ్డులేక వచ్చిన కెరటములు పడవను ప్రక్కనుండి ఎత్తికొట్టును. చిన్నదని జలసంధిని చులకన చేసినవాడు సగము దారిలో తెరచాప చుట్టలేక తంటాలు పడును.

ఆకాశవాణియు ఉపగ్రహములును లేని కాలమున నావికులేమి చేసిరి? 1502వ సంవత్సరము జూను మాసాంతమున కొలంబసు తన నాలుగవ యాత్రలో నాలుగు ఓడలతో హిస్పనియోలా ద్వీపమునందలి శాంటో డొమింగో రేవు ముందు నిలిచెను. ఆయన అప్పటికే ఆ సముద్రపు తుపానులను చూచియుండెను. నీటి పొంగును ఆకాశమును చూచి గాలివాన రానున్నదని గ్రహించి రేవులోనికి రానిమ్మని గవర్నరు ఒవాండోకు కబురు పంపెను. స్పెయిను దేశమునకు బయలుదేర సిద్ధముగనున్న ముప్పది ఓడల దళమును ఆపుమనియు హితవు చెప్పెను. గవర్నరు రేవు ప్రవేశమును నిరాకరించెను, దళమును పంపివేసెను. అందు ఇరువదికి పైగా ఓడలు మునిగినవి. అంతకు పూర్వము కొలంబసును సంకెళ్ళతో స్పెయినునకు పంపిన బొబడిల్లాయు, అపారమైన బంగారమును వానితో సముద్రగర్భమున కలిసిరి. కొలంబసు నాలుగు ఓడలు మాత్రము బ్రదికినవి. ఒవాండో దుష్టుడని చెప్పుటకన్న, ఆయన తేదీకి బద్ధుడని చెప్పుట న్యాయమని నాకు తోచును. దళము సిద్ధమైనది, ప్రముఖులు ఎక్కియున్నారు, బంగారము నింపియున్నది. ఇట్టి దశలో 'నేడు వలదు' అను ఒక్కమాట చెప్పుట ఎంతటి అధికారికైనను కష్టమే.

తుపాను ఒక సుడియని, దానికి నడుమ కేంద్రమున్నదని శాస్త్రీయముగ తేలుటకు ఆ పిమ్మట మూడువందల యేండ్లు పట్టెను. 1821లో అమెరికా ఈశాన్యభాగమున వీచిన గాలివానకు కూలిన చెట్లు ఒక ఊరిలో ఒక దిక్కునకును, మరికొంత దూరమున దానికి సరిగా ఎదురుదిక్కునకును తలలు వాల్చియుండుట విలియం రెడ్‌ఫీల్డు అను వర్తకుడు గమనించి, పది సంవత్సరములు ఆలోచించి, 1831లో తన సిద్ధాంతమును ప్రకటించెను. ఆ త్రోవనే కలకత్తాలో హెన్రీ పిడింగ్టను బంగాళాఖాతపు తుపానులలో చిక్కిన ఓడల దినచర్యపుస్తకములను ప్రోగుచేసి, 1848లో నావికులకొక గ్రంథము వ్రాసెను. ఆయన పరిశోధించిన తుపానులలో 1839లో మన గోదావరీముఖమున కోరంగి రేవును ముంచిన తుపానును గలదు. ఒకనాడు ఓడలు కట్టిన ఆ ఊరు మరల పూర్వవైభవమునకు రాలేదు. పిడింగ్టను గ్రంథముతోపాటు కొమ్ముతో చేసిన పారదర్శకమైన పలుచని పలకలుండెడివి. వానిపై సుడిగాలి వలయములు, బాణపుగుర్తులు చెక్కియుండును. నావికుడు తన ఓడవద్ద వీచుచున్న గాలిదిక్కునకు సరిపోవునట్లు ఆ పలకను పటముపై అటునిటు జరిపినచో, తుపాను కేంద్రము ఎచ్చటనున్నదో కనులకు కట్టును. కనబడని శత్రువును బల్లమీద చూపిన ఆ కొమ్ముపలకకంటె చక్కని ఉపకరణము నావికశాస్త్రమున అరుదు.

పలక లేనివానికి 1857లో డచ్చి శాస్త్రజ్ఞుడు బైస్ బల్లో చెప్పిన సూత్రమొకటి కలదు. ఉత్తరార్ధగోళమున గాలికి వీపు చూపి నిలిచినచో అల్పపీడనకేంద్రము ఎడమచేతివైపున, ఇంచుక ముందుగా, ఉండును. దీనికి తోడు గాలి మారు తీరును చూడవలెను. ఉన్నచోట కదలక నిలిచి గమనించిన, గాలి గడియారపు ముల్లు తిరుగు దిశగా మారుచున్నచో మీరు తుపాను మార్గమునకు కుడిప్రక్కన ఉన్నారన్నమాట. ఎదురుదిశగా మారుచున్నచో ఎడమప్రక్కన. గాలి దిక్కు మారకయే భారమితి పడిపోవుచున్నచో తుపాను సూటిగా మీమీదికే వచ్చుచున్నది. కుడిప్రక్క ప్రమాదార్ధమని నావికులు పిలుతురు. అచ్చట సుడిగాలి వేగమునకు తుపాను నడకవేగము కూడ చేరును. అంతకంటె విషమమేమన, అచ్చటి గాలి పడవను తుపాను మార్గములోనికే త్రోయును. ఎడమప్రక్కన గాలివేగమునుండి ఆ నడకవేగము తీసివేతయై, గాలి పడవను మార్గమునుండి వెలికి నెట్టును. పడమరకు నడచు తుపానునకు కుడిప్రక్క ఉత్తరము, ఎడమప్రక్క దక్షిణము. కరీబియన్ నావికులు అపాయమునందు దక్షిణమునకు పరుగెత్తుటకు కారణమిదియే.

పరుగెత్తుట యన్నాను గాని, అందలి లెక్కను చూచినచో ఆ మాట నవ్వు తెప్పించును. మంచిగాలిలో సాధారణమైన తెరచాప పడవ గంటకు ఐదారు నాటికల్ మైళ్ళు పోవును. దినమునకు నూట ఇరువది మైళ్ళు. వ్యాపారపవనములలో తుపాను గంటకు పది పదునైదు మైళ్ళు నడచును. దినమునకు మూడువందల యేబదికి పైగా పోగలదు. తుపాను తనంత తాను పోవునది కాదు; వాగులో కొట్టుకొనిపోవు సుడివలె తన చుట్టునున్న పెద్దగాలి ఎటు లాగిన అటు పోవును. అజోరుస్ దీవులకును బెర్ముడాకును నడుమ నిలిచియుండు అధికపీడనమండలపు దక్షిణపు అంచున పడమరకు, దాని పడమటి అంచున ఉత్తరమునకు మళ్ళి, పిమ్మట ఈశాన్యమునకు తిరిగి, అచ్చటి పడమటిగాలులలో గంటకు ముప్పది మైళ్ళ వేగమును సైతము అందుకొనును. ఎచ్చట మళ్ళునో అదియే భవిష్యవాణికి దుర్గమమైన స్థానము.

ఈ అనిశ్చయమును లెక్కకు తెచ్చుకొనుటకు అమెరికా జాతీయ హరికేన్ కేంద్రము నావికులకొక సులభసూత్రము బోధించును. తుపాను కేంద్రము రేపు ఉండునని చెప్పిన చోటికి నూరు నాటికల్ మైళ్ళ పొరపాటు, ఎల్లుండి చోటికి రెండువందలు, ఆవలెల్లుండి చోటికి మూడువందలు ఉండునని ఎంచుకొనుము. దానికి గంటకు ముప్పదినాలుగు నాటికల్ మైళ్ళకు మించిన గాలి కేంద్రమునుండి ఎంతదూరము వ్యాపించియున్నదో ఆ దూరమును కలుపుము. వచ్చిన వలయములోనికి పోకుము. నేటి అంచనాలు ఆ సూత్రము పుట్టిననాటికంటె ఎంతయో మెరుగుపడినవి. అయినను చిన్నపడవవారు ఆ పాత అంకెలను వదలరు. ఉదాహరణకు పెనుగాలి నూరుమైళ్ళు వ్యాపించిన తుపాను మూడుదినములలో వచ్చునన్నచో నాలుగువందల మైళ్ళ వలయము తప్పించుకొనవలెను. మూడుదినములలో మన పడవ పోగలది మూడువందల అరువది. అనగా, తుపానుకు పేరు పెట్టిన తరువాత కదలినవాడు అప్పటికే ఆలస్యము చేసినవాడు. పత్రికలలో కనబడు ఆ గరాటు ఆకారపు బొమ్మను చూచి, తాను దాని వెలుపల ఉన్నాను గదా యని ధైర్యపడువారు పెక్కుమంది. ఆ బొమ్మ కేంద్రము పోగల మార్గమును మాత్రమే చెప్పును. మూడింట రెండు పర్యాయములు కేంద్రము అందులో నిలుచునని దాని భావము. గాలివాన వైశాల్యమును అది చెప్పనే చెప్పదు.

మనముందటి నిదర్శనము 2024వ సంవత్సరపు బెరిల్. జూను 28న మధ్య అట్లాంటిక్కున వాయుగుండముగా గుర్తింపబడినది. రెండు దినములు గడువకముందే నాలుగవ శ్రేణి తుపానైనది. జూలై 1వ తేదీ పట్టపగలు గ్రెనడా దేశమునకు చెందిన కారియకూ ద్వీపముపై విరుచుకొనిపడినది. పుట్టుకకును విరుచుకుపడుటకును నడుమ మూడు దినములైన లేవు. అట్లాంటిక్కున అంత ముందుగా నాలుగవ శ్రేణిని అందుకొన్న తుపాను అంతవరకు నమోదు కాలేదు. ఆ పిమ్మట అది ఐదవ శ్రేణిని అందుకొని ఆ వింతను ఇనుమడింపజేసినది. జూలై ప్రారంభమున ప్రమాదము తక్కువయని పంచాంగమును నమ్మి ద్వీపములలో తీరికగా తిరుగుచున్న పడవలు ఎన్నో. కారియకూలోని టైరెల్ బే వద్ద మడచెట్ల నడుమ సురక్షితమని పేరొందిన కయ్యలో తలదాచుకొన్న పడవలు ఒకదానిపై నొకటి ఎక్కి నుగ్గయినవి. దక్షిణముగా కొద్ది గంటల దూరమున, గ్రెనడా ప్రధానద్వీపపు దక్షిణతీరపు రేవులలో ఉన్నవి చాలవరకు బ్రదికినవి.

ఈ మాట విని, దక్షిణమునకు పోయినచో చాలునను తీర్పునకు వచ్చుట తొందరపాటు. ఆ విశ్వాసమునకు పెద్ద చరిత్రయే కలదు. పడవల బీమా సంస్థలు పటముపై ఒక అక్షాంశమును గీసి, జూను లేదా జూలై మొదలు నవంబరు వరకు దానికి ఉత్తరముగనుండి పేరున్న తుపానువలన నష్టపడినచో చెల్లింపమని ఒప్పందమున వ్రాసికొనును. ఆ గీత పెక్కు ఒప్పందములలో పన్నెండు డిగ్రీల పైచిలుకున, గ్రెనడా పైభాగమున, పడును. ఇందు క్రొత్త ఏమియు లేదు. తెరచాపల కాలమున లండను వ్యాపారులు వేసవి ముదిరిన పిమ్మట వెస్టిండీసునుండి బయలుదేరు పంచదార ఓడలకు బీమారుసుము హెచ్చించెడివారు. గీతకు దక్షిణమున ఉండుట చాలునని, ప్రతి సంవత్సరము వందలకొలది పడవలు గ్రెనడాకు చేరుచుండెను. 2004 సెప్టెంబరు 7న ఐవన్ తుపాను ఆ ద్వీపమునకు కొద్దిపాటి దక్షిణముగా నడచి, ద్వీపములోని ఇండ్లలో అత్యధికభాగమునకు కప్పులు లేకుండ చేసినది. ఒడ్డున నిలువబెట్టిన పడవలు వరుసగా ప్రక్కలకు ఒరిగి ఒకదానిని మరొకటి పడగొట్టినవి. ఇరువది యేండ్ల అంతరముతో ఐవన్ దక్షిణపు ద్వీపమును, బెరిల్ ఉత్తరపు కారియకూను ధ్వంసించినవి. గీత బీమావారి సౌకర్యమునకు పుట్టినది. తుపాను దానిని చదువలేదు. అంతకు దక్షిణమున పదియవ అక్షాంశము దాపుననున్న ట్రినిడాడ్ సైతము 1933లో ఒక తుపాను దెబ్బ తిన్నది. 1963లో ఫ్లోరా టొబాగోను కొట్టినది.

అయినను ట్రినిడాడ్ దెబ్బ తినుట శతాబ్దమునకు ఏ ఒకటి రెండు మారులో. ఉత్తరపు యాంటిగువాకు ఆ భాగ్యము లేదు. అవకాశములను తూచుటయే గాని నిశ్చయమును కొనుట సాధ్యము కానిచోట, తక్కువ ప్రమాదము గలదానిని ఎంచుకొనుట తప్ప వేరు మార్గము లేదు. కావున ప్రణాళిక ఇట్లు కట్టవలెనని నా మతము. యాంటిగువాలో ఇంగ్లీషు హార్బరుననుండు పడవ ఉన్నదనుకొనుడు. పదునేడవ అక్షాంశమునుండి పన్నెండవ అక్షాంశమునకు ఐదు డిగ్రీలు. డిగ్రీకి అరువది నాటికల్ మైళ్ళ చొప్పున మూడువందలు. అల రాకపోకల నడుమ దినమునకొక ద్వీపము చొప్పున దిగివచ్చినచో, ఆగుచు సాగుచు రెండు మూడు వారములు పట్టును. మే మాసపు తుదిలోనే కదలి, జూను మూడవ వారమునకు గ్రెనడా దక్షిణతీరమునకు చేరవలెను. దారిలో ప్రతి రాత్రి లంగరు వేసిన పిమ్మట ఒక లెక్క వ్రాసికొనవలెను: ఇచ్చట తుపాను వచ్చునని రేపు తెలిసినచో పోవలసిన చోటెక్కడ? ఆ లెక్కకు జవాబు దొరకని రేవున రెండవ రాత్రి గడుపరాదు. గ్రెనడా చేరిన తరువాతను ఆ లెక్క ఆగదు. అచ్చటినుండి ట్రినిడాడునకు ఎనుబది మైళ్ళ రాత్రిపయనము. సాయంకాలము బయలుదేరిన మరునాటి ఉదయమునకు చాగురామస్ అఖాతము చేరవచ్చును. దారిలో ప్రవాహము పడమరకు లాగును గాన పడవ మొగమును ఇంచుక తూర్పునకు పట్టుకొని పోవలెను. గాలి బాగుండగనే, పేరు లేని అల దూరమున నుండగనే ఈ పయనము చేయగల పడవకే గ్రెనడా ఆశ్రయము. ఇంజను విప్పి ఒడ్డునబెట్టి, తెరచాప కుట్టుటకు ఇచ్చి, నాకు ట్రినిడాడ్ దగ్గరనే గదా యనుకొనువానికి అది లేనట్టే.

మరి తప్పించుకొనుట కుదరనినాడేమి చేయవలెను? మడ అడవుల నడుమ ఇరుకైన ఏటిపాయలలోనికి పోయి పడవను కట్టివైచుట పాత పద్ధతి. మడచెట్ల వేళ్ళు బురదను పట్టుకొని కదలవు. ఇరుకైన నీటిలో కెరటము లేవదు. పడవ మొగమును చెట్లలోనికి త్రోసి, ముందునుండి ఐదారు త్రాళ్ళు వేర్వేరు వేళ్ళకు కట్టి, వెనుకనుండి రెండు మూడు లంగరులు దూరదూరముగా జారవిడుతురు. త్రాడు పడవ అంచున రాసుకొను ప్రతిచోట చిరిగిన నీటిగొట్టపు ముక్కనో మందపుగుడ్డనో చుట్టవలెను. గట్టిత్రాడు తెగునది లాగుటవలన గాక రాపిడివలన. తెరచాపలు, గుడారపుగుడ్డలు, నీటిడబ్బాలు, గాలిమర, గాలికి దొరకు ప్రతి వస్తువును విప్పి లోపల పెట్టవలెను. చుట్టి కట్టిన తెరచాప తుపానుగాలికి విప్పుకొని కొయ్యను విరచును. ఇంతయు చేసినవాని పడవను సైతము సరిగా కట్టని ప్రక్కపడవ వచ్చి కొట్టి ముంచును. 1995లో లూయీ తుపాను సెయింట్ మార్టిన్ ద్వీపపు సింప్సన్ బే సరస్సులో వందలకొలది పడవలను నేలపాలు చేసినపుడు, తమ లంగరు జారకున్నను ఇతరుల లంగరు జారి నష్టపోయినవారు కొల్లలు. 2017లో ఇర్మా టోర్టోలాలోని పరకీటా బేలో ఒద్దికగా కట్టిన అద్దె పడవలను కుప్పగా పోసినది. కట్టుట ముగిసిన తరువాత మనుష్యుడు ఒడ్డునకు పోయి గట్టి ఇంటిలో ఉండవలెను. పడవను కాపాడుటకు పడవలో నిలిచినవాడు దానికి చేయగల సాయమేమియు లేదు.

యంత్రములెన్ని వచ్చినను భారమితిని నేను తలచుకొనక ఉండలేను. ఉష్ణమండలమున ఆ ముల్లు ప్రతిదినము రెండుమారులు పైకెక్కి రెండుమారులు దిగును: ఉదయము పదికి, రాత్రి పదికి శిఖరము, తెల్లవారుజాము నాలుగింటికి, సాయంకాలము నాలుగింటికి పల్లము. తేడా రెండు మూడు మిల్లీబారులు మాత్రమే. నావికుడు ప్రతి గంటకు వ్రాసికొన్నచో ఆ వంపులు కాగితముపై సముద్రపు పోటుపాటులవలె క్రమముగ వచ్చును. ఏ దినమున ఉదయము పదింటికి ఎక్కవలసిన ముల్లు ఎక్కక నిలిచిపోవునో, ఆ దినమున వార్త వినకముందే నావికుని చేయి త్రాళ్ళపెట్టె మీదికి పోవును. దానితోపాటు సముద్రపు పొంగు. నిమిషమునకు పదికి పైగా వచ్చు కెరటములు సద్దుమణిగి, గాలిలేని ఎండలో నిమిషమునకు నాలుగైదు మాత్రమే, పొడవైన, నునుపైన పొంగులు ఒకే దిక్కునుండి వచ్చుచున్నచో ఆ దిక్కున చాలదూరమున తుపానున్నదన్నమాట. కొలంబసు చూచినది ఇదియే కావచ్చును.

ఇన్ని గురుతులును, ఇంత శాస్త్రమును ఉండగా పడవలేల నష్టపడుచున్నవి? తుపానుకంటె విమానపు టిక్కెట్టు ఎక్కువ పడవలను ప్రమాదములోనికి త్రోయునని ఆ తీరమున ఎవరినడిగినను చెప్పుదురు. అల్లుడు ఆదివారము సెయింట్ లూసియాకు దిగునని కబురు వచ్చును. అతనికి సెలవు వారము దినములే. శుక్రవారము అల వచ్చుచున్నది, శనివారము దాటుట మంచిది కాదు. అయినను శనివారము దాటుదురు. అతిథికి 'నీవు వచ్చు ఊరు చెప్పగలను, దినము చెప్పలేను. దినము చెప్పుమన్న ఊరు చెప్పలేను' అని ముందే తెగేసి చెప్పిన నావికుడే నిజముగ ప్రణాళిక తెలిసినవాడు. చాలమంది బంధుత్వము చెడునని ఆ మాట చెప్పరు. ఆగస్టు, సెప్టెంబరు మాసములలో అతిథులను పిలువక, పడవను దక్షిణమున ఒడ్డుకెక్కించి, అడుగుభాగమును నేలలో త్రవ్విన గుంటలో దించి, నాలుగువైపుల బిగించి స్వదేశమునకు పోవువారిని భీరువులని కొందరు ఎగతాళి చేయుదురు. ఆ ఎగతాళిలో నాకు రుచి లేదు.

నవంబరు వచ్చినచో ఋతువు ముగిసినదని తలచువారికి 1999లో లెన్నీ వేరు పాఠము చెప్పినది. నవంబరు నడుమ పడమటి కరీబియన్నున పుట్టి, తుపానులు అచ్చట సాధారణముగ పోవు దిక్కునకు ఎదురుగా, తూర్పునకు నడచినది. 17వ తేదీన సెయింట్ క్రోయి దాపున నాలుగవ శ్రేణిని అందుకొన్నది. ఆ ద్వీపములలో రేవులు, ఊళ్ళు, లంగరుచోట్లు ఎక్కువభాగము పడమటి తీరమున ఉండును. వ్యాపారపవనములు తూర్పునుండి వీచును గాన ఆ ప్రక్క ఎప్పుడును చాటు. ఆ చాటునే లెన్నీ కెరటములు తాకినవి. సెయింట్ మార్టిన్ మొదలు దక్షిణమున గ్రెనడావరకు పడమటి తీరములు దెబ్బ తిన్నవి.

నవంబరు మొదటివారమున అమెరికాలోని వర్జీనియానుండి దక్షిణమునకు బయలుదేరు పడవల పరిస్థితి మరింత ఇరకాటము. ముందుగా బయలుదేరినచో ఆలస్యపు తుపాను భయము, ఆగినచో ఉత్తరపు శీతల వాయుముఖము భయము. గల్ఫ్‌స్ట్రీము ప్రవాహము ఉత్తరమునకు పోవుచుండగా ఉత్తరపు గాలి ఎదురు వీచినచో అచ్చట కెరటములు గోడలవలె నిట్టనిలువుగా లేచును. కానరీ దీవులలోని లాస్ పాల్మస్ నుండి సెయింట్ లూసియాకు దాటు పడవల సమూహము కూడ నవంబరు మూడవ వారము దాపున బయలుదేరును. అది రెండువేల ఏడువందల మైళ్ళ పయనము, మూడు వారముల పని. ఈ సమూహములన్నియు ఒక తేదీని ప్రకటించును. ఆ తేదీ ఉదయమున పడవలవారు అందరు రేవున గుమికూడి వాతావరణనిపుణుడు చెప్పునది విందురు. అనుకూలము లేదన్నచో, రొట్టెలును కూరగాయలును కొనుటకు మరల అంగడికి పోవుదురు.